యూనిట్‌కి ఎన్ని కిలోమీటర్లు?

హైదరాబాద్ నుంచి నల్లగొండ దాదాపు 100 కిలోమీటర్లు. మహబూబ్‌నగర్ కూడా ఇంచుమించు అంతే. పొద్దున పోయి పని చూసుకొని రాత్రికి ఇల్లు చేరే దూరం కాబట్టి, ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లో బండి కొనేవాళ్లకు ఆ వంద ఒక కొలమానం. పాత మారుతీ 800నో, ఆల్టోనో, నానోనో తీసుకొని, ఇంజిన్ దించేసి, మోటారూ బ్యాటరీలూ బిగించి ఎలక్ట్రిక్ కారుగా మార్చే మెకానిక్‌లకు, డిప్లొమా చదివిన కుర్రాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న కూడా అదే: హైదరాబాద్ పోయొస్తదా? దానికి వచ్చే జవాబు చాలాసార్లు బ్యాటరీ మీద అచ్చేసిన సామర్థ్యాన్ని ఎక్కడో విన్న ఖర్చుతో భాగిస్తే వచ్చిన అంకె. జిల్లా పేజీల్లో, యూట్యూబ్ వీడియోల్లో ఆ అంకే ‘ఒక్కసారి చార్జి పెడితే 200 కిలోమీటర్లు’ అని శీర్షికగా మారుతుంది. చెప్పినవాళ్లు అబద్ధం ఆడుతున్నారని నేననడం లేదు. అనుకూలమైన రోజున, అనుకూలమైన రోడ్డు మీద ఆ బండి అంత దూరం పోయే ఉండవచ్చు. కాని బండి కొనేవాడికి కావలసింది ఆ రోజు లెక్క కాదు. ఇంటి దగ్గర మార్చిన కారుకు రేంజ్ చెప్పేటప్పుడు, ఆ బండికి రాబోయే అతి చెడ్డ రోజున అది ఎంత దూరం పోగలదో కట్టి చెప్పాలి. ఆ లెక్క పదో తరగతి భౌతికశాస్త్రానికి మించినది కాదు. దాన్ని వేయకుండా వదిలేయడం వల్ల మంచి పనితనం కూడా అపనమ్మకం పాలవుతోంది.

ముందు కొలత సంగతి. బ్యాటరీ సామర్థ్యాన్ని కిలోవాట్ అవర్లలో చెబుతారు. అది మన కరెంటు బిల్లులో కనిపించే యూనిటే, వేరే ఏదీ కాదు. పెట్రోలు బండి లీటరుకు ఎంత ఇస్తుందని అడిగినట్టే, ఎలక్ట్రిక్ బండికి యూనిట్‌కి ఎన్ని కిలోమీటర్లని అడగాలి. ట్యాంకు ఎంత పెద్దదో చెప్పి మైలేజీ చెప్పని పెట్రోలు బండిని ఎవరూ కొనరు. బ్యాటరీ బండి విషయంలో మాత్రం మనం అదే చేస్తున్నాం. ఈ వ్యాసం పొడుగునా ఒకే బండిని ఉదాహరణగా పెట్టుకుందాం: ఆల్టో అంత చిన్న కారు, బ్యాటరీలతో, మనుషులతో కలిపి బరువు 1,100 కిలోలు. అందులో 3.2 వోల్టుల, 160 ఆంపియర్ అవర్ల లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ సెల్‌లు 30, వరుసగా కలిపి. అంటే 96 వోల్టులు, కాగితం మీద 15 యూనిట్ల పైచిలుకు. చిన్న షెడ్డులో చేయగలిగిన పని ఇది, ఊహాలోకపు బండి కాదు.

సమంగా ఉన్న రోడ్డు మీద బండిని ముందుకు లాగడానికి రెండు ఖర్చులుంటాయి. ఒకటి టైర్లు రోడ్డు మీద నలుగుతూ దొర్లడానికి అయ్యేది. ఇది బరువును బట్టి ఉంటుంది, వేగంతో పెద్దగా మారదు. మన బండికి కిలోమీటరుకు సుమారు 39 వాట్ అవర్లు. టైర్లలో గాలి తగ్గినా, రోడ్డు కంకర తేలినా ఇది పెరుగుతుంది. రెండోది గాలిని చీల్చుకుంటూ పోవడానికి అయ్యేది. ఇది వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే కిలోమీటరుకు ఖర్చు నాలుగింతలు. గంటకు 50 కిలోమీటర్ల దగ్గర గాలి ఖర్చు 19 వాట్ అవర్లుంటే, 80 దగ్గర 48, 100 దగ్గర 75. రెండూ కలిపి, మోటారు, కంట్రోలర్, గేర్‌బాక్సుల్లో ఐదో వంతు వేడిగా పోతుందని లెక్కవేస్తే, బ్యాటరీ నుంచి కిలోమీటరుకు 50 వేగంలో 72, 80లో 109, 100లో 142 వాట్ అవర్లు లాగుతుంది. యూనిట్ లెక్కలో చెబితే 50 వేగంలో 14 కిలోమీటర్లు, 80లో 9, 100లో 7. ఏసీ వేస్తే ఇంకా తగ్గుతుంది. ఇప్పుడు 15 యూనిట్ల పైచిలుకును 14తో హెచ్చించండి. రెండు వందలు దాటింది. శీర్షికల్లో కనిపించే 200 ఎక్కడి నుంచి వస్తుందో తెలిసిపోతుంది. ఏసీ లేకుండా, గాలి లేని పొద్దున, ఆగకుండా 50 వేగంతో పోతూ, బ్యాటరీని ఆఖరి బొట్టు దాకా పిండితే వచ్చే అంకె అది.

ఆగకుండా అన్నమాట ముఖ్యం. 1,100 కిలోల బండిని నిలబడ్డ చోటు నుంచి 50 వేగానికి తీసుకురావడానికి దాదాపు 30 వాట్ అవర్ల శక్తి చక్రాలకు చేరాలి, బ్యాటరీ నుంచి 37. బ్రేకు వేసి ఆపితే అదంతా వేడిగా పోతుంది. ఊళ్లో కిలోమీటరుకు ఒకసారి ఆగితే చాలు, 50 వేగంలో అయ్యే ఖర్చు సగం పెరుగుతుంది. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ లోనో, మహబూబ్‌నగర్ న్యూటౌన్ లోనో కిలోమీటరుకు ఒకసారి ఆగి బయటపడేవాళ్లు అదృష్టవంతులు. ఊరి రోడ్ల మీద స్పీడు బ్రేకర్లు సరేసరి.

ఇక గుట్టల సంగతి. దక్కన్ ఎత్తు నేలల్లో తిరిగే బండికి చడావులే బ్యాటరీని తినేస్తాయని చాలామంది నమ్మకం. ఈ ప్రాంతపు ఎత్తుపల్లాల లెక్క మనకు రోజూ పత్రికల్లో కనిపించే జలాశయాల మట్టాల్లోనే ఉంది. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ పూర్తి మట్టం 513.41 మీటర్లు. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, అంటే సుమారు 180 మీటర్లు. నకిరేకల్ దాటాక మూసీ ప్రాజెక్టు 645 అడుగులు, 197 మీటర్ల దరిదాపు. పాలమూరు వైపు జూరాల 1,045 అడుగులు, 318 మీటర్ల పైచిలుకు. శ్రీశైలం 885 అడుగులు, 270 మీటర్లు. కృష్ణ నీళ్లు కింద పారుతుంటే పైనున్న పొలాలు ఎండిన జిల్లాలు ఇవి. పుట్టంగండి దగ్గర సాగర్ నీళ్లను, ఎల్లూరు దగ్గర శ్రీశైలం నీళ్లను మోటార్లతో పైకి ఎత్తితే తప్ప పైకి రాని నేల. ఎత్తడానికి కరెంటు అవుతుందన్న సంగతి ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కారుకైనా నీటికైనా సూత్రం ఒకటే: బరువును ఎత్తుతో, గురుత్వాకర్షణతో హెచ్చించడం. మన 1,100 కిలోల కారును సాగర్ నీటి అంచు నుంచి హుస్సేన్‌సాగర్ మట్టానికి, అంటే 333 మీటర్లు, ఎత్తడానికి ఎంత శక్తి కావాలి? చక్రాల దగ్గర ఒకే ఒక్క యూనిట్. నష్టాలు కలిపి బ్యాటరీ నుంచి యూనిట్టుంపావు. రేంజ్‌లో పోయేది 10 కిలోమీటర్లు. 100 మీటర్ల ఎత్తుకు 3 కిలోమీటర్లు తీసివేయమన్న మాట గుర్తుంచుకుంటే చాలు.

ఈ అంకె చాలామందికి తక్కువగా తోస్తుంది, నిజంగానే తక్కువ. హైదరాబాద్ నుంచి సాగర్ దిగి వచ్చిన బండి తిరిగి వెళ్లేటప్పుడు పది కిలోమీటర్లు తక్కువ ఇస్తుంది కాబట్టి పోయేటప్పటి రేంజ్‌ను పట్టుకొని తిరుగు ప్రయాణాన్ని లెక్కవేయకూడదు, అంతవరకే. నల్లమల ఘాట్ రోడ్డులో బాధ వేరు. అక్కడ రేంజ్ కంటే ముందు మోటారు వేడెక్కడం గురించి ఆలోచించాలి. పదికి ఒకటి చొప్పున ఎక్కే వాలు మీద 30 వేగంతో పోవాలన్నా ఎత్తడానికే 9 కిలోవాట్లు ఆగకుండా కావాలి. ఇ-రిక్షా మోటారు దీనికి పనికిరాదు. అయితే మామూలు హైవే మీద చడావు కంటే వేగమే ఎక్కువ తింటుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద జడ్చర్ల నుంచి కొత్తకోట దాకా, 65వ నంబరు మీద చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా నున్నటి రోడ్డు కాలిని యాక్సిలరేటర్ మీద నొక్కిస్తుంది. 50 వేగంతో కట్టిన రేంజ్ అక్కడ సగానికి పడిపోతుంది. అక్కడ 50 వేగంతో పోతే వెనక వచ్చే లారీలకు అడ్డమై ప్రమాదం కూడా.

గాలి మరొకటి. జూన్, జూలైల్లో నైరుతి గాలి పడమటి నుంచి వీస్తుంది. హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్, రాయచూర్ వైపు పోయేవాళ్లకు అది చాలాసార్లు ఎదురే. గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో 100 వేగంతో పోయే బండి, గాలి లెక్కలో 120 వేగంతో పోతున్నట్టు. గాలి ఖర్చు 75 నుంచి 108 వాట్ అవర్లకు ఎగబాకుతుంది. ఎండాకాలంలో గాలి పలచబడడం వల్ల, ఈ నేల సముద్ర మట్టానికి ఎత్తున ఉండడం వల్ల కొంత మేలే, కోస్తాలో చలికాలంతో పోలిస్తే గాలి ఖర్చు పదో వంతు దాకా తక్కువ. పైన చెప్పిన అంకెల్లో ఆ మేలు ఇప్పటికే కలిసి ఉంది. కాని అదే ఎండలో ఏసీ తప్పదు. నల్లగొండ జిల్లాలో మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులు కొత్తవేమీ కావు. చిన్న కారు ఏసీకి కిలోవాట్ అనుకుంటే, హైవే మీద 100 వేగంలో కిలోమీటరుకు 10 వాట్ అవర్లు, ఊళ్లో ట్రాఫిక్‌లో అంతకు రెండింతలకు పైగా. నెమ్మదిగా పోయేవాడికి ఏసీ ఎక్కువ ఖర్చు, వేగంగా పోయేవాడికి గాలి ఎక్కువ ఖర్చు.

ఇంతవరకు బండి ఖర్చు చూశాం. సంచిలో నిజంగా ఎంతుందన్నది ఇంకా పెద్ద ప్రశ్న, మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. చాలా ఊళ్లలో అందుబాటులో ఉండేది ఇన్వర్టర్‌కి వాడే ట్యూబులర్ బ్యాటరీ. 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లవి ఎనిమిది కలిపితే కాగితం మీద 14.4 యూనిట్లు. మన లిథియం బండికి దాదాపు సమానంగా కనిపిస్తుంది. కాని ఆ 150 అంకె పక్కనే సి20 అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. 20 గంటల సేపు నెమ్మదిగా, అంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున, వాడుకుంటేనే అంత ఇస్తుందని దాని అర్థం. రాత్రంతా ఫ్యాన్లు, లైట్లు నడపడానికి చేసిన వస్తువు అది. కారు లాగే 80 ఆంపియర్ల దగ్గర అదే బ్యాటరీ సుమారు మూడింట రెండొంతులే ఇస్తుంది. ఆ మిగిలినదాన్ని కూడా పూర్తిగా ఖాళీ చేస్తే కొన్ని నెలల్లోనే బ్యాటరీ చచ్చిపోతుంది కాబట్టి సగం దగ్గర ఆపాలి. 14 యూనిట్లు అనుకున్నది 5 యూనిట్లకు దిగింది. పైగా ఒక్కొక్కటి 50 కిలోలకు పైగా బరువు. ఎనిమిది కలిసి 400 దాటుతాయి. 650 కిలోల మారుతీ 800 మీద ఇంత బరువు వేస్తే బ్రేకులు, స్ప్రింగులు తట్టుకుంటాయా అన్నది రేంజ్ కంటే ముందు అడగాల్సిన మాట. లెడ్ యాసిడ్ బ్యాటరీలతో తొలి ప్రయత్నం చేసే విద్యార్థులను తప్పుపట్టలేం, డబ్బులు అంతే ఉంటాయి. ఆ బండికి 100 కిలోమీటర్ల రేంజ్ అని బోర్డు రాయడాన్ని మాత్రం ఒప్పుకోలేం.

లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ సెల్‌కి ఈ రోగం లేదు. 80 ఆంపియర్లు లాగినా దాదాపు చెప్పినంతా ఇస్తుంది, బరువు మూడో వంతు కంటే తక్కువ. దాని చిక్కు వేరు. నిండుగా ఉన్న దగ్గర్నుంచి ఐదో వంతు మిగిలే దాకా దాని వోల్టేజీ ఇంచుమించు ఒకేచోట నిలబడుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా జారిపోతుంది. లెడ్ యాసిడ్‌కి అలవాటుపడిన చేతులు వోల్ట్ మీటర్ చూసి ఇంకా సగం ఉందనుకుంటాయి. బండి నార్కట్‌పల్లి దాటాక ఆగిపోతుంది. అందుకే లిథియం బండిలో వోల్ట్ మీటర్‌తో రేంజ్ అంచనా వేయకూడదు. లోపలికి ఎంత కరెంటు పోయింది, బయటికి ఎంత వచ్చిందన్నది గణించే షంట్ మీటర్ తప్పనిసరి. ఖరీదైనదేమీ కాదు. ఇంకొకటి, 30 సెల్‌లు వరుసగా కలిపినప్పుడు మొత్తం బ్యాటరీ సామర్థ్యం సగటుతో తేలదు, అన్నిట్లో బలహీనమైన సెల్‌తో తేలుతుంది. ఆ ఒక్క సెల్ అడుగంటగానే సెల్‌లను కాపలా కాసే బీఎంఎస్ పరికరం మొత్తం సరఫరాను ఆపేస్తుంది, ఆపకపోతే ఆ సెల్ పాడవుతుంది. ఒకసారి వాడి తీసేసిన సెల్‌లను తక్కువ ధరకు కొని ప్యాక్ కట్టేవాళ్లు 29 మంచి సెల్‌ల మాటున ఒక్క నలిగిన సెల్‌ను కూడా కొంటారు. రేంజ్‌ను ఆ ఒక్కటే నిర్ణయిస్తుంది. కట్టకముందు ప్రతి సెల్‌నూ విడిగా నింపి, ఖాళీ చేసి కొలవకపోతే ఏ లెక్కా నిలవదు.

వయసు కూడా ఉంది. కొత్త సామర్థ్యంలో 80 శాతానికి పడిపోయిన బ్యాటరీని బండికి పనికిరానిదిగా పరిగణించడం ఈ రంగంలో రివాజు. వేడి ఈ ముసలితనాన్ని తొందరపెడుతుంది. గాలి ఆడని డిక్కీలో, వెనక సీటు కింద బ్యాటరీలు మూసిపెట్టి మే నెల ఎండలో నిలిపే బండికి ఆ 80 శాతం అనుకున్నదానికంటే ముందే వస్తుంది.

ఇప్పుడు అన్నీ కలుపుదాం. మన బండిలో 15 యూనిట్ల పైచిలుకు ఉన్నా, సెల్‌ల ఆరోగ్యం కోసం, దారిలో ఆగిపోకుండా ఉండడం కోసం వాడుకోదగినవి 12. ఏసీ వేసి 80 వేగంతో పోతే యూనిట్‌కి 8 కిలోమీటర్ల పైచిలుకు, అంటే 100 కిలోమీటర్లు. 100 వేగానికి పెంచితే 79. బ్యాటరీ వయసు మీరి 80 శాతానికి దిగితే 63. అదే రోజు ఎదురుగాలి ఉంటే 50. ఒకే కారు, ఒకే బ్యాటరీ, 200 నుంచి 50 దాకా. ఇందులో ఏ అంకె కూడా కల్పన కాదు, ప్రతిదానికీ ఒక రోజూ ఒక రోడ్డూ ఉన్నాయి. కొనేవాడికి చెప్పాల్సింది ఆఖరిది. ఆ యాభైతో పాటు ఇంకో మాట కూడా చెప్పాలి: అదే ఎదురుగాలిలో, అదే పాత బ్యాటరీతో, వేగం 60కి తగ్గిస్తే యూనిట్‌కి 8 కిలోమీటర్లు వచ్చి రేంజ్ 76కి పెరుగుతుంది. బ్యాటరీ మార్చకుండా, పైసా ఖర్చు లేకుండా 26 కిలోమీటర్లు. ఒంటరి అంకె ఈ సంగతి చెప్పలేదు. యూనిట్ మైలేజీని వేగంతో పాటు రాసిన చిన్న పట్టిక చెబుతుంది.

పెద్ద కంపెనీలే ప్రయోగశాల అంకెలు వేసుకొని అమ్ముతుంటే చిన్న మెకానిక్‌ను నిలదీయడం న్యాయమా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన దేశంలో కంపెనీ కార్ల రేంజ్‌ను ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ కట్టేసి, 90 దాటని వేగంతో, నిర్ణీత ఉష్ణోగ్రతలో కొలుస్తారు. 2020లో వచ్చిన నెక్సాన్ ఈవీకి 30.2 యూనిట్ల బ్యాటరీతో 312 కిలోమీటర్లని ప్రకటించారు. యూనిట్‌కి 10 పైచిలుకు. అంత రావడం లేదన్న ఫిర్యాదుతో 2021 మార్చిలో ఢిల్లీ ప్రభుత్వం ఆ కారుకు సబ్సిడీని ఆపేసింది, తర్వాత హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. న్యాయం ఎటువైపున్నా, ప్రయోగశాల అంకెకూ రోడ్డు అంకెకూ ఉన్న దూరం మాత్రం అందరికీ తెలిసింది. 2024లో కర్వ్ ఈవీని తెచ్చినప్పుడు అదే కంపెనీ 55 యూనిట్ల బ్యాటరీకి ప్రయోగశాల రేంజ్ 585 అని చెబుతూనే, నాలుగింట మూడొంతుల మంది వినియోగదారులు అందుకోగలిగేది 400 నుంచి 425 అని విడిగా ప్రకటించింది. యూనిట్‌కి ఏడున్నర. మన చిన్న బండికి 80 వేగంలో కట్టిన ఎనిమిదికి ఇది ఎంత దగ్గరగా ఉందో గమనించండి. కోట్లు పెట్టి ప్రయోగశాలలు నడిపే సంస్థే రెండో అంకె చెప్పక తప్పలేదు. ప్రయోగశాల లేని చోట అనుకూలమైన అంకె ఒక్కటే చెప్పడానికి ఇంకా తక్కువ అధికారం ఉంది.

లెక్క చెబితే వెంటనే వచ్చే జవాబులు మరికొన్ని ఉన్నాయి. బండి నడుస్తుండగా డైనమో తిప్పి తనను తానే చార్జి చేసుకుంటుందని చెప్పే వాహనాల వార్తలు ప్రతి ఏడాదీ వస్తాయి. వాటిని అచ్చువేసే విలేకరులకు నా విన్నపం ఇది: దయచేసి ఆపండి. డైనమోను తిప్పే శక్తి ఆ బ్యాటరీ నుంచే రావాలి. మామూలు కారు ఆల్టర్నేటర్ తీసుకున్నదాంట్లో 60 శాతం దరిదాపునే తిరిగి ఇస్తుంది. దాన్ని బిగించిన క్షణం నుంచి రేంజ్ తగ్గుతుంది తప్ప పెరగదు. బ్రేకు వేసేటప్పుడు మాత్రమే మోటారును జనరేటర్‌గా మార్చే పద్ధతి వేరు, అది నిజమైనది, ఊళ్లో బాగా పనికొస్తుంది. కాని అందుకు తగిన మోటారు, కంట్రోలర్ ఉండాలి. పైగా హైవే మీద బ్రేకు వేసేది తక్కువ, గాలికి ఖర్చయినది ఏ బ్రేకూ తిరిగి ఇవ్వదు. కప్పు మీద సౌర పలక సంగతి చూస్తే, చిన్న కారు కప్పు మీద పట్టేది 300 వాట్లు. ఐదు గంటల మంచి ఎండలో, నష్టాలు పోను, యూనిట్ పైచిలుకు. రోజుకు 8 నుంచి 10 కిలోమీటర్లు. ఊళ్లోనే బడికీ బజారుకూ తిరిగే బండికి అది చిన్నదేం కాదు. సూర్యుడితో నడిచే కారు అనడానికి మాత్రం చాలదు.

దారిలో చార్జింగ్ కేంద్రాలు వస్తున్నాయి కదా అన్నది ఇంకో జవాబు. రహదారుల పక్కన కనిపించే వేగవంతమైన డీసీ చార్జర్లు కంపెనీ కార్ల కోసం పెట్టినవి. వందల వోల్టుల ప్యాక్‌తో, బండికీ చార్జర్‌కూ మధ్య ఒక నిర్ణీత సంభాషణ జరిగితేనే అవి కరెంటు వదులుతాయి. 96 వోల్టుల ఇంటి ప్యాక్ వాటికి అర్థం కాదు. ఇంటి బండికి మిగిలేది దాబాలోనో బంధువుల ఇంట్లోనో ఉన్న 15 ఆంపియర్ల ప్లగ్గు. గంటకు 3 యూనిట్లకు మించి ఎక్కదు, చార్జర్‌లోనే పదో వంతు దాకా పోతుంది. 12 యూనిట్లు నింపడానికి నాలుగైదు గంటలు. ఊళ్లలో సాయంత్రం వోల్టేజీ పడిపోతే ఇంకా ఎక్కువ. కాబట్టి ఇంటి బండికి రేంజ్ అంటే ఇల్లు వదిలి ఇల్లు చేరే రేంజే. ఈ కారణం చేత కూడా చెడ్డ రోజు లెక్క కంపెనీ కారు కంటే ఇంటి కారుకే ఎక్కువ అవసరం.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. 50 కిలోమీటర్లని నిజం చెబితే ఎవరు కొంటారు, ఎవరు ప్రోత్సహిస్తారు, పల్లెల నుంచి వచ్చే కొత్త ఆలోచనల నోరు నొక్కినట్టు కాదా అని. ఈ మాటను తేలిగ్గా తీసేయలేను. ఆ పని చేసే కుర్రాళ్ల చేతి నైపుణ్యం చూస్తే గౌరవం కలుగుతుంది. కాని 50 కిలోమీటర్ల నమ్మకమైన బండికి ఈ జిల్లాల్లో ఎంత పని ఉందో ఆలోచించాలి. మిర్యాలగూడ రైస్ మిల్లులకు, నారాయణపేట చేనేత దుకాణాలకు, దేవరకొండ, అచ్చంపేట సంతలకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి పోయివచ్చే దూరం అంతకు లోపే. హైదరాబాద్‌కే చెందిన ఇ-ట్రియో సంస్థ 2019లో పాత ఆల్టో, వ్యాగన్ఆర్ కార్లను ఎలక్ట్రిక్‌గా మార్చే కిట్‌కు వాహనాలను పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ ఆమోదం తెచ్చుకొని దేశం దృష్టిని ఆకర్షించింది. తర్వాత ఆ సంస్థ సరుకు మోసే మూడు చక్రాల బండ్ల వైపు మళ్లింది. రోజుకు ఎంత తిరగాలో ముందే తెలిసిన బండికి బ్యాటరీని కచ్చితంగా కొలిచి పెట్టవచ్చు. రేంజ్ లెక్క నిజాయితీగా వేసినవాళ్లకు బండి ఏ పనికి నప్పుతుందో ముందే కనిపిస్తుంది. 200 అని చెప్పి అమ్మిన బండి మొదటి వానాకాలంలో దారిలో ఆగితే, ఆ ఊళ్లో ఇంకో బండి అమ్ముడుపోదు.

చట్టం కూడా ఈ పనివాళ్లను ఒంటరిగా వదిలింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా ఇంజిన్ మార్చిన బండి రోడ్డు మీద చెల్లదు, ప్రమాదం జరిగితే బీమా కూడా నిలవకపోవచ్చు. పెట్రోలు బండిని పూర్తి ఎలక్ట్రిక్‌గా మార్చే కిట్‌కు ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం పరీక్ష జరగాలి, ఆ ఖర్చు ఒక షెడ్డుకు తలకు మించినది. కొత్త ఎలక్ట్రిక్ బండ్లకు తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా రద్దు చేసింది. అనుమతి దొరకని బండికి ఆ రాయితీ అక్కరకు రాదు. భద్రత పరీక్షలను సడలించమని నేను అడగను. బ్యాటరీ మంటలు చూశాక ఆ మాట అనకూడదు. అడిగేది ఆ పరీక్షకు ముందు మెట్టు ఒకటి దగ్గరలో ఉండాలని.

ఆ మెట్టు కట్టడానికి కావలసినవి ఇక్కడే ఉన్నాయి. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయపు ఇంజినీరింగ్ కళాశాల ఉంది, రెండు జిల్లాల్లోనూ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా సంస్థ పదేళ్లలో 9,500 కోట్ల రూపాయలతో లిథియం సెల్ కర్మాగారం కట్టడానికి 2022 డిసెంబర్‌లో ఒప్పందం చేసుకుంది, 2023 మేలో శంకుస్థాపన జరిగింది. 16 గిగావాట్ అవర్ల సెల్‌లు అక్కడ తయారు చేయాలన్నది లక్ష్యం. సెల్ కొలవడం తెలిసిన చేతులు ఆ కర్మాగారానికి కావాలి, రేంజ్ కొలవడం తెలిసిన చేతులు షెడ్లకు కావాలి, రెండూ ఒకే చదువు. పాలిటెక్నిక్‌లో ఒక గదిలో సెల్ పరీక్షించే యంత్రం పెట్టి, రుసుము తీసుకొని ఎవరి సెల్‌లనైనా కొలిచి కాగితం ఇవ్వాలి. జడ్చర్ల నుంచి కొత్తకోట దాకా పోయి రావడం, నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ మీదుగా సాగర్ దిగి ఎక్కడం, ఈ రెండు దారులను పరీక్ష దారులుగా ప్రకటించి, 60, 80 వేగాల్లో, ఏసీ వేసి, నలుగురి బరువుతో యూనిట్ మైలేజీ నమోదు చేయాలి. వచ్చిన అంకెను బ్యాటరీ వయసుకు తగ్గించి బండి అద్దం మీద అంటించాలి, ఏడాదికోసారి తిరగరాయాలి. విలేకరులు వార్త రాసేటప్పుడు ఆ కాగితం అడగాలి. ఒక షంట్ మీటర్, జీపీఎస్ ఉన్న ఒక ఫోను, మే నెలలో ఒక రోజు, జూలై గాలిలో ఒక రోజు ఉంటే ఏ విద్యార్థి బృందమైనా ఈ ఏడాదే మొదటి పట్టిక తయారు చేయగలదు.